పేద దేశపు రాయబారి: డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్

సెప్టెంబర్ 5 అంటే మన బళ్లలో పండుగే. పెద్ద తరగతుల పిల్లలు ఆ ఒక్కరోజు పంతుళ్లయిపోతారు. తలపాగా చుట్టుకున్న రాధాకృష్ణన్ గారి ఫొటోకు దండ వేస్తారు. వ్యాసరచన పోటీ పెడితే అందరూ ఒకటే రాస్తారు: ఆయన గొప్ప ఉపాధ్యాయుడు, తత్వవేత్త, మన రెండవ రాష్ట్రపతి. ఇవన్నీ నిజాలే. అయితే పై చదువులకు వెళ్లి లైబ్రరీల్లో కూర్చున్నాక మాకు ఆయన జీవితంలో ఇంకో అధ్యాయం కనిపించింది. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లే అయిన, తిండిగింజలకు వెతుక్కుంటున్న ఒక పేద దేశం తరఫున ఆయన మాస్కో వెళ్లి రాయబారిగా పనిచేశారు. ప్రపంచం రెండు జట్లుగా చీలిపోయిన రోజులవి. ఈ వార్షికోత్సవ సంచికలో మన తమ్ముళ్లకు, పాత విద్యార్థులైన అన్నలకు ఆ అధ్యాయం గురించే నాలుగు మాటలు చెప్పదలిచాం.

రాయబారం అనే మాట మన కృష్ణా తీరంలో ఎవరికీ కొత్త కాదు. మన ఊళ్లలో శ్రీకృష్ణ రాయబారం నాటకం చూడని పెద్దవాళ్లు అరుదు. అందులో కృష్ణుడు సంధి కోసం వెళతాడు. అడవులు పట్టిపోయిన పాండవుల తరఫున, అధికారంలో ఉన్న కౌరవుల సభకు వెళతాడు. బలహీనుడి మాటను బలవంతుడి ముందు తల వంచకుండా చెప్పిరావడమే రాయబారం. రాధాకృష్ణన్ గారు చేసిన పనీ అదే.

తిరుత్తణి నుంచి మద్రాసు

ఆయన 1888 సెప్టెంబర్ 5న తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి వీరాస్వామి గారు, తల్లి సీతమ్మ గారు. ఇంటిపేరును బట్టే తెలుస్తుంది, వారి పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. తిరుత్తణి కొంతకాలం మన చిత్తూరు జిల్లాలో ఉండి, 1960లో సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది.

తండ్రిది రెవెన్యూలో చిన్న ఉద్యోగం. సంసారం పెద్దది. అందువల్ల చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో ఊరీస్ కాలేజి, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజి. అక్కడ ఆయన తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణం వింటే మనకు నవ్వూ వస్తుంది, దగ్గరితనమూ కలుగుతుంది. ముందే డిగ్రీ పూర్తిచేసిన బంధువు ఒకరు తన పాత పుస్తకాలు ఇచ్చారు. అవి తత్వశాస్త్రం పుస్తకాలు. కొత్తవి కొనే స్తోమత లేదు గనుక ఆ సబ్జెక్టే చదివారు. సీనియర్ల పాత పుస్తకాలతో పరీక్షలు రాసిన మనవాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఇక్కడే ఇంకోమాట కూడా చెప్పుకోవాలి. ఆయన పేదవారే, కానీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు. బడి తలుపు ఆయనకు తెరిచే ఉంది, కొదవ ఫీజుకే. ఆ కాలంలో మన తాతముత్తాతలకు ఫీజు సంగతి తర్వాత, బడి గడప తొక్కడమే కష్టం. ఈ తేడా చెప్పుకోవడం ఆయన్ని తక్కువ చేయడం కాదు. చరిత్రను ఉన్నదున్నట్టు చదవడం.

వాల్తేరు నుంచి జెనీవా

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజిలో అధ్యాపకులుగా చేరారు. 1918లో మైసూరు, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. భారతీయ తత్వశాస్త్రం మీద ఆయన రాసిన రెండు సంపుటాలు 1923లో, 1927లో వచ్చాయి. మన దేశంలోనూ తర్కం ఉంది, తత్వం ఉంది అని పాశ్చాత్యులకు వారి భాషలోనే వివరించిన గ్రంథాలవి. ఆలోచిస్తే ఇది కూడా ఒక రాయబారమే. పాలించేవాడు పాలితుణ్ణి అజ్ఞాని అనుకుంటున్నంత కాలం ఇద్దరి మధ్య సమానమైన మాట ఉండదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మన బెజవాడలోనే మొదలైంది. తర్వాత వాల్తేరుకు తరలింది. 1931 నుంచి 1936 దాకా దానికి ఆయన వైస్ చాన్సలర్. హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్, వి.కె.ఆర్.వి. రావు వంటి యువ మేధావులను ఆ రోజుల్లోనే అక్కడికి తీసుకొచ్చారు. వీరిలో ఒకరు కమ్యూనిస్టు, ఒకరు ముస్లిం కవి, ఒకరు ఆర్థికవేత్త. వాళ్ల మతం, రాజకీయం ఏమిటని కాక, చదువు ఎంత అని చూశారు.

ఆ 1931లోనే నానాజాతి సమితి మేధాసహకార సంఘంలో సభ్యులయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశాలు ఏర్పాటు చేసుకున్న సంస్థ నానాజాతి సమితి. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ వంటివారు సభ్యులుగా పనిచేసిన సంఘం అది. వాల్తేరులో యూనివర్సిటీ పనులు చూసుకుంటూనే ఆయన జెనీవా సమావేశాలకు వెళ్లివచ్చేవారు. అయితే పండితులు ఎంత మాట్లాడుకున్నా నానాజాతి సమితి యుద్ధాన్ని ఆపలేకపోయింది. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం రానే వచ్చింది. మంచి మాటల వెనుక దేశాల మధ్య న్యాయం లేకపోతే శాంతి నిలవదన్న పాఠం అక్కడ అందరికీ తెలిసొచ్చింది.

యుద్ధం ముగిశాక యునెస్కో పుట్టింది. 1946లో దాని మొదటి మహాసభకు భారత బృందానికి రాధాకృష్ణన్ గారే నాయకులు. 1948-49లో కార్యనిర్వాహక మండలి అధ్యక్షులు. 1952లో మహాసభకే అధ్యక్షులయ్యారు. చదువు, విజ్ఞానం, సంస్కృతి అన్ని దేశాల ఉమ్మడి ఆస్తి అని, పేద దేశాలు పుచ్చుకునే చేతులే కావు, ఇచ్చే చేతులు కూడా అని ఆయన వాదన.

మాస్కోలో మన తెలుగువాడు

1949లో నెహ్రూ గారు ఆయన్ను సోవియట్ యూనియన్‌కు రాయబారిగా పంపారు. చాలామంది ఆశ్చర్యపోయారు. దేవుడు, ఆత్మ, వేదాంతం అనే మనిషికి కమ్యూనిస్టుల రాజధానిలో ఏం పని అనుకున్నారు. పైగా అప్పుడు సోవియట్ ప్రభుత్వానికి మన మీద నమ్మకం లేదు. కామన్‌వెల్త్‌లో ఉన్నాం గనుక ఇంకా ఇంగ్లండు చాటునే ఉన్నామని వాళ్ల అనుమానం. మన మొదటి రాయబారి విజయలక్ష్మీ పండిట్ గారికి స్టాలిన్ దర్శనమే దొరకలేదు.

ఆ అనుమానాలు మన పల్లెల దాకా కూడా పాకి ఉన్నాయి. తిరువూరు దాటితే అవతల పాత నిజాం రాజ్యం, తెలంగాణా సాయుధ పోరాటం నడుస్తున్న కాలం. 1951 ఫిబ్రవరిలో మన తెలుగువారే ఇద్దరు, చండ్ర రాజేశ్వరరావు గారు, మాకినేని బసవపున్నయ్య గారు, డాంగే, అజయ్ ఘోష్ గార్లతో కలిసి రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌తో చర్చలు జరిపారు. ఆ ఏడాది అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. ఒకే ఊళ్లో ఒకపక్క ప్రభుత్వం తరఫున ఒక తెలుగు రాయబారి, ఇంకోపక్క ఆ ప్రభుత్వంతో పోరాడుతున్న తెలుగు నాయకులు! ప్రపంచ రాజకీయం మన గట్ల మీద ఎంత దగ్గరగా తిరిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

1950 జనవరిలో క్రెమ్లిన్‌లో స్టాలిన్ రాధాకృష్ణన్ గారిని కలిశారు. విదేశీ రాయబారులను అరుదుగా కలిసే స్టాలిన్ ఈయనకు సమయం ఇవ్వడమే పెద్ద వార్త అయింది. మన దేశ పరిస్థితులు స్టాలిన్ అడిగి తెలుసుకున్నారు. రెండు జట్ల మధ్య పెరుగుతున్న వైరాన్ని తగ్గించడానికి సోవియట్ వైపు నుంచి చొరవ చూపాలని ఈయన కోరారు. కళింగ యుద్ధంలో గెలిచి కూడా కత్తి దించిన అశోకుని కథ ఆయనకు గుర్తుచేశారని చెబుతారు.

ఆయన మాస్కో జీవితం కూడా ప్రత్యేకమే. విందులు, వినోదాల మీద ఆసక్తి తక్కువ. చాలా పొద్దు పుస్తకాలతోనే గడిచేది. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ పదవి ఉండగానే ఈ ఉద్యోగం చేశారు గనుక ఏడాదిలో కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పి వచ్చేవారు. ఇంగ్లండుకూ రష్యాకూ మాటల్లేని రోజుల్లో రెండుచోట్లా గౌరవం పొందిన మనిషి ఆయన.

గోధుమలు, గౌరవం

1951లో దేశంలో తిండిగింజల కొరత తీవ్రమైంది. మనం అమెరికాను గోధుమలు అడిగాం. వాళ్ల చట్టసభలో ఆ బిల్లు నెలల తరబడి నలిగింది. మనం వాళ్ల జట్టులో చేరలేదని కొందరు సభ్యులకు కోపం. చివరికి జూన్‌లో 20 లక్షల టన్నుల గోధుమల కోసం 19 కోట్ల డాలర్లు అప్పుగా ఇవ్వడానికి చట్టం చేశారు. ఈలోగా సోవియట్ గోధుమలు కూడా ఓడల్లో మన రేవులకు వచ్చాయి. అమెరికా ఇచ్చినదానితో పోలిస్తే అవి కొద్దిపాటివే. అయినా రెండో గుమ్మం కూడా తెరిచి ఉందని లోకానికి తెలిసింది. అప్పుడు మాస్కోలో మన రాయబారి రాధాకృష్ణన్ గారే.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఊళ్లో ఒకే ఒక్క షావుకారు ఉంటే పేదవాడు ఆయన చెప్పిన వడ్డీకి తల ఊపాల్సిందే. ఇద్దరితోనూ మాట ఉంటే కొంచెం నిటారుగా నిలబడవచ్చు. ఏ జట్టులోనూ చేరకుండా అందరితో స్నేహం అన్న మన విదేశాంగ విధానంలో ఆదర్శం ఎంత ఉందో, పేదవాడి బతుకుతెలివి కూడా అంతే ఉంది. 1955లో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సోవియట్‌తో ఒప్పందం కుదిరింది. హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఐ.డి.పి.ఎల్. మందుల ఫ్యాక్టరీ, 1979 ఒప్పందంతో మన విశాఖ ఉక్కు, అన్నీ ఆ స్నేహం దారిలో వచ్చినవే. ఆ దారిలో మొదటి అడుగులు వేసినవారిలో రాధాకృష్ణన్ గారు ఒకరు.

కొరియా యుద్ధం

1950 జూన్‌లో కొరియాలో యుద్ధం మొదలైంది. దాడిని ఖండించిన ఐక్యరాజ్య సమితి తీర్మానాన్ని మనం సమర్థించాం, కానీ యుద్ధానికి సైన్యాన్ని పంపలేదు. గాయపడ్డవారికి చికిత్స చేయడానికి మన సైనిక వైద్య దళాన్ని పంపాం. అప్పుడు చైనా స్థానం ఇంకా తైవాన్ ప్రభుత్వం చేతిలోనే ఉంది. అందుకు నిరసనగా సోవియట్ ప్రతినిధి భద్రతా మండలికి రావడం మానేశారు. కమ్యూనిస్టు చైనాకు ఆ స్థానం ఇవ్వడం, సోవియట్ తిరిగి రావడం, ఆ తర్వాత కొరియాలో కాల్పులు ఆపడం అనే దారి ఒకటి మాస్కోలో రాధాకృష్ణన్ గారు సోవియట్ అధికారులతో చర్చించారు. జూలైలో నెహ్రూ గారు స్టాలిన్‌కూ, అమెరికా విదేశాంగ మంత్రి ఎచిసన్‌కూ లేఖలు రాశారు. స్టాలిన్ అనుకూలంగా జవాబిచ్చారు. అమెరికా కాదంది. రాయబారం అప్పటికి విఫలమైంది.

కానీ వృథా కాలేదు. మూడేళ్లు లక్షలాది మంది చనిపోయాక 1953 జూలై 27న కాల్పుల విరమణ కుదిరింది. సొంత దేశానికి తిరిగి వెళ్లమన్న 22 వేలకు పైగా యుద్ధ ఖైదీల బాధ్యత ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు రెండు పక్షాలూ ఒప్పుకున్నది మన దేశాన్నే. జనరల్ తిమ్మయ్య గారు ఆ సంఘానికి అధ్యక్షులు. తగాదా పడ్డ ఇద్దరూ పెద్దమనిషిగా ఒప్పుకున్నారంటే, ఆ పెద్దరికం డబ్బుతో వచ్చింది కాదు.

అంబేద్కర్ గారి ప్రశ్న

ఈ కథలో ఒకవైపే చెబితే మన హాస్టల్ బిడ్డలం అనిపించుకోం. 1951లో బాబాసాహెబ్ అంబేద్కర్ గారు న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేసినప్పుడు చెప్పిన కారణాలలో విదేశాంగ విధానం ఒకటి. ఈ విధానం వల్ల మనకు మిత్రులు లేకుండా పోయారని, ఏటా 350 కోట్ల రూపాయల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని ఆయన లెక్క చెప్పారు. మిత్రులుంటే ఆ డబ్బులో కొంతైనా పేదల తిండికి, అభివృద్ధికి వచ్చేదని ఆయన ఆవేదన.

రాధాకృష్ణన్ గారి దారి, అంబేద్కర్ గారి దారి వేరు. కానీ ఇద్దరి లెక్కా ఒకచోట కలుస్తుంది. తుపాకీకి పెట్టిన రూపాయి బావికి పెట్టలేం. మన ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డ కుటుంబాలను చూసినవాళ్లం మనం. మంచినీళ్ల పైపులైను ఒక ఏడాది ఆలస్యమైతే ఎంత నష్టమో మనకు పుస్తకం చెప్పనక్కరలేదు. శాంతి అంటే పెద్దవాళ్ల సభల్లో మాట కాదు, మన చెంబులో నీళ్లు కూడా.

పీకింగ్, ఆ తర్వాత

1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆయన మళ్లీ స్టాలిన్‌ను కలిశారు. అందరూ హడలిపోయే ఆ మనిషి చెంప తట్టి, వీపు నిమిరారని, అంత ఆప్యాయంగా తనను మనిషిలా చూసినందుకు స్టాలిన్ కదిలిపోయారని చెప్పుకుంటారు. మే నెలలో ఆయన మన మొదటి ఉపరాష్ట్రపతి అయ్యారు. పదేళ్లు ఆ పదవిలో ఉండి యూరప్, ఆఫ్రికా, ఆసియా దేశాలు ఎన్నో తిరిగారు. 1954లో చైనాతో పంచశీల ఒప్పందం, 1955లో 29 దేశాల బాండుంగ్ సభ, 1961లో 25 దేశాల బెల్‌గ్రేడ్ అలీన సభ, ఇవన్నీ ఆ పదేళ్లలోవే. అప్పుడే సంకెళ్లు తెంచుకున్న దేశాలన్నీ ఒకచోట కూర్చున్న కాలం అది.

1957లో చైనా వెళ్లినప్పుడు మావో చెంప కూడా తట్టారట. మావో తెల్లబోతే, స్టాలిన్‌కూ ఇదే జరిగిందని నవ్వుతూ సర్దిచెప్పారట. అయితే చెంప తట్టినంత మాత్రాన సరిహద్దులు సర్దుకోవు. 1962 మే నెలలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. అక్టోబర్ 20న చైనా సైన్యం దాడి చేసింది. నెల రోజుల్లో మనం ఘోరంగా దెబ్బతిన్నాం. మన అమాయకపు నమ్మకాన్ని, నిర్లక్ష్యాన్ని రాష్ట్రపతిగా ఉండి కూడా ఆయన విమర్శించారు. శాంతి కోరేవాడు కళ్లు తెరుచుకుని ఉండాలని, స్నేహం వేరు, ఏమరుపాటు వేరని దేశానికి కష్టంగా తెలిసొచ్చిన సంవత్సరం అది.

1967 మేలో పదవీ విరమణ చేసి మద్రాసులోని ఇంటికి వెళ్లిపోయారు. 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు. చనిపోవడానికి కొద్ది కాలం ముందు వచ్చిన టెంపుల్టన్ బహుమతి సొమ్మును ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.

మనం నేర్చుకునేది

ఆయన జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇది. సాయం అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు, సాయం తీసుకున్నందుకు తల తాకట్టు పెట్టడం సిగ్గుపడాల్సిన పని. గోధుమలు అడిగిన నోటితోనే మన దేశం యుద్ధం వద్దని కూడా చెప్పింది. సంక్షేమ హాస్టల్లో తిని చదువుకున్న మనకు ఇది బాగా అర్థం కావాలి. ఈ అన్నం, ఈ స్కాలర్‌షిప్పు ఎవరి దయా కాదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కు. పెద్ద దేశాలను సమానత్వం అడిగే దేశం తన ఊళ్లో, తన వీధిలో కూడా సమానత్వం ఇవ్వాలి. ఇవ్వకపోతే బయట దాని మాటకు బరువుండదు.

రెండోది చదువు. ఆయన వెనుక సైన్యం లేదు, ధనం లేదు. ఎదుటివాడి చరిత్ర, మతం, తత్వం అతనికన్నా బాగా తెలిసి ఉండటమే ఆయన బలం. ఆ బలం ఎవరి గుత్త సొత్తూ కాదనడానికి రుజువు కె.ఆర్. నారాయణన్ గారు. కేరళలో కటిక పేద దళిత కుటుంబంలో పుట్టి, స్కాలర్‌షిప్పులతో లండన్ దాకా చదివి, సరిగ్గా రాధాకృష్ణన్ గారు మాస్కో వెళ్లిన 1949లోనే విదేశాంగ సర్వీసులో చేరారు. చైనాతో చెడిన సంబంధాల వల్ల ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న రాయబారి కుర్చీలో 1976లో కూర్చున్నది ఆయనే. 1997లో రాష్ట్రపతి అయ్యారు. ఒకరికి తెరిచి ఉన్న తలుపు, ఇంకొకరు తోసుకుని వెళ్లిన తలుపు. ఇద్దరూ చేరింది ఒకే చోటికి.

తమ్ముళ్లారా, విదేశాంగ సర్వీసు కూడా సివిల్స్ పరీక్షలో భాగమే. డిగ్రీ పాసైన ఎవరైనా రాయవచ్చు. మన హాస్టళ్ల నుంచి టీచర్లు వచ్చారు, పోలీసులు వచ్చారు, వి.ఆర్.ఓ.లు వచ్చారు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అయినవాళ్లం మాలో చాలామందిమి ఉన్నాం. రేపు మనలో ఒకరు ఏ దేశంలోనో మన జెండా ఉన్న బల్ల ముందు కూర్చుని, పేదవాళ్ల తరఫున మాట్లాడితే అది అతిశయోక్తి ఏమీ కాదు. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పేపరు రాగానే క్రికెట్ పేజీ కోసం అందరం ఎగబడతాం, విదేశీ వార్తల పేజీ మడత విప్పకుండానే సాయంత్రానికి మిగిలిపోతుంది. రేపటి నుంచి ఆ పేజీ ఎవరో ఒకరు గట్టిగా చదవండి, మిగతావాళ్లు వినండి. మ్యాపులో ఆ దేశం ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. మొదలు అక్కడే.